పక్కవాద్యానికి పెద్దపీట

వయొలిన్‌కు వంత పాడటమే పనిగా బతికిన హార్ప్సికార్డ్‌కు బాఖ్ ఆరు సొనాటాల్లో సమాన హోదా ఇచ్చారు. మూడు శతాబ్దాలు గడిచినా ఆ జోడీని ఎలా వాయించాలన్న తగువు మాత్రం తెగలేదు.

1719 మార్చి 1న నేటి జర్మనీలోని కోతెన్ అనే చిన్న సంస్థానం ఖజానా లెక్కల్లో ఓ పద్దు పడింది. బెర్లిన్‌లో తయారైన హార్ప్సికార్డ్‌కు, ప్రయాణ ఖర్చులకు కలిపి 130 థేలర్లు. సొమ్ము పుచ్చుకున్నది ఆస్థాన సంగీత దర్శకుడు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. అప్పట్లో ఆయన ఏడాది జీతం 400 థేలర్లు. అంటే ఆయన జీతంలో దాదాపు నాలుగు నెలల మొత్తం ఒక్క వాయిద్యం కింద ఖర్చయిందన్నమాట. అదీ, ఆ రోజుల లెక్కలో, ఎక్కువగా పక్కవాద్యంగానే చూసిన వాయిద్యం.

హార్ప్సికార్డ్ చూడటానికి పియానోకు అక్కలా ఉంటుంది కానీ లోపలి పనితనం వేరు. పియానోలో మీట నొక్కితే చిన్న సుత్తి వచ్చి తీగను కొడుతుంది. హార్ప్సికార్డ్‌లో పక్షి ఈక కాడతో చేసిన చిన్న మొన తీగను మీటుతుంది. ఆ రకంగా దాని చుట్టరికం పియానో కన్నా వీణతోనే ఎక్కువ. మీటను మెల్లగా నొక్కినా గట్టిగా నొక్కినా శబ్దంలో తేడా దాదాపు ఉండదు. పుట్టిన స్వరం పుట్టిన క్షణం నుంచే క్షీణించడం మొదలవుతుంది. వీణలోలా తీగను లాగి గమకం పలికించే వీలూ లేదు. వయొలిన్ ఇందుకు పూర్తిగా విరుద్ధం. కమాను కదిలినంతసేపు స్వరం నిలుస్తుంది, పెరుగుతుంది, తరుగుతుంది, మనిషి గొంతులా వణుకుతుంది. ఈ రెంటినీ ఒకే వేదిక మీద కూర్చోబెడితే ఎవరు పాడతారో, ఎవరు తాళం వేస్తారో వేరే చెప్పనక్కర్లేదు.

17వ శతాబ్దపు ఇటలీలో సరిగ్గా అదే ఏర్పాటు స్థిరపడింది. 1700లో రోమ్‌లో అచ్చయిన ఆర్కాంజెలో కొరెల్లి వయొలిన్ సొనాటాలు యూరప్ అంతటికీ పాఠ్యపుస్తకాలయ్యాయి. వాటిలో వయొలిన్‌కు ప్రతి స్వరమూ రాసి ఉంటుంది. కింద మంద్రస్థాయిలో ఒకే ఒక్క వరస, దాని పక్కన కొన్ని అంకెలు. ఆ అంకెలను చూసి ఏ స్వరాలు కలిపి మోగించాలో హార్ప్సికార్డ్ కళాకారుడు అప్పటికప్పుడు తేల్చుకోవాలి. అది మామూలు నేర్పు కాదు. అయినా ఎంత నేర్పు చూపినా అతను వెనకే ఉండాలి. కర్ణాటక కచేరీలో గాయకుడి రాగాలాపనను నీడలా వెంబడించే వయొలిన్ విద్వాంసుడి స్థితి తెలిసిన వారికి ఇది కొత్తగా అనిపించదు. తమాషా ఏమిటంటే మన కచేరీలో పక్కన కూర్చున్న వయొలిన్ అక్కడ మధ్యలో కూర్చుంది.

ఈ అంతస్తుల వ్యవస్థను తిరగేయడానికి కోతెన్ అనువైన చోటు. అక్కడి రాకుమారుడు లియోపోల్డ్ అప్పటికింకా పాతికేళ్లు నిండని యువకుడు, స్వయంగా సంగీతం వాయించేవాడు. ఆయనది కాల్వినిస్టు ఆస్థానం. ఆ మతశాఖ ప్రార్థనల్లో ఆడంబరమైన సంగీతానికి చోటు లేదు. కాబట్టి చర్చి కోసం వారం వారం రాయాల్సిన భారం బాఖ్‌కు తప్పింది. ఇక వాద్యకారులంటారా, వారిని పరోక్షంగా సమకూర్చిపెట్టింది ప్రష్యా రాజు. 1713లో గద్దెనెక్కిన ఫ్రెడరిక్ విలియం ఖజానా పొదుపు పేరుతో, సైన్యం మీద మోజుతో బెర్లిన్ ఆస్థాన వాద్యబృందాన్ని రద్దు చేశాడు. రోడ్డున పడ్డవారిలో పలువురు కోతెన్ చేరారు. ఒక రాజు పొదుపు ఇంకో చిన్న సంస్థానానికి భోగమైంది. బాఖ్ కూడా తేలిగ్గా రాలేదు. పాత యజమాని వైమార్ ప్రభువు ఆయన్ను వదలడానికి ఒప్పుకోక 1717 నవంబర్‌లో జైల్లో పెట్టి, దాదాపు నాలుగు వారాల తర్వాత వదిలిపెట్టాడు.

వయొలిన్, హార్ప్సికార్డ్‌ల కోసం బాఖ్ రాసిన ఆరు సొనాటాలకు (బాఖ్ రచనల సూచికలో 1014 నుంచి 1019 వరకు) బీజం పడింది ఈ కోతెన్ కాలంలోనేనని చాలామంది పరిశోధకుల నమ్మకం. అప్పటికి ట్రియో సొనాటా అనే రూపం బాగా ప్రచారంలో ఉంది. పైస్థాయిలో రెండు స్వరపంక్తులు, కింద ఒకటి. మొత్తం మూడు. వాటిని వాయించడానికి సాధారణంగా నలుగురు కావాలి: ఇద్దరు వయొలిన్ వాద్యకారులు, మంద్రస్వరానికి ఒకరు, అంకెలు చూసి నింపడానికి హార్ప్సికార్డ్ ముందు ఇంకొకరు. బాఖ్ చేసిన పని వినడానికి చిన్నదే. రెండో వయొలిన్ పంక్తిని హార్ప్సికార్డ్ కుడిచేతికి, మంద్రాన్ని ఎడమచేతికి ఇచ్చారు. అంకెలు పోయి వాటి స్థానంలో చాలా చోట్ల ప్రతి స్వరమూ అక్షరంలా రాసి పెట్టారు. నలుగురి పని ఇద్దరికొచ్చింది. ఇప్పటి భాషలో చెప్పాలంటే బయటి నుంచి మద్దతిచ్చే పార్టీకి మంత్రివర్గంలో చోటు దొరికింది, అదీ రెండు శాఖలతో.

హోదా మారిన సంగతి కాగితం మీదే తెలుస్తుంది. 1725 ప్రాంతంలో బాఖ్ అన్న కొడుకు యోహాన్ హెన్రిక్ రాసిన ప్రతి మీది ఇటాలియన్ శీర్షికలో హార్ప్సికార్డ్ పేరు ముందు, వయొలిన్ పేరు తర్వాత వస్తుంది. ఇష్టమైతే వయోలా డ గాంబా అనే మంద్ర వాయిద్యాన్ని కలుపుకోవచ్చని చివర్లో ఓ వెసులుబాటు. బాఖ్ కొడుకు కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ తర్వాత కాలంలో వీటిని వయొలిన్ సొనాటాలు అనలేదు. కీబోర్డు త్రయాలనే పిలిచాడు.

వింటే ఇది ఇంకా స్పష్టం. మొదటి సొనాటా (బి మైనర్) హార్ప్సికార్డ్ ఒంటరిగా మొదలవుతుంది. కొన్ని బార్లు గడిచాక గానీ వయొలిన్ రాదు, వచ్చినా ఒకే స్వరాన్ని పట్టుకుని చాలాసేపు నిలబడుతుంది, అవతలివారి మాట పూర్తయ్యేదాకా ఆగినట్టు. రెండోదానిలో (ఎ మేజర్) మూడో భాగం మరీ సూటిగా ఉంటుంది. వయొలిన్, హార్ప్సికార్డ్ కుడిచేయి ఒకే పాటను ఒక బార్ తేడాతో, అదే స్థాయిలో వాయిస్తాయి. ముందు వెళ్లేది ఒకరు, వెనక వచ్చేది ఇంకొకరు. చెప్పే మాట మాత్రం పొల్లుపోకుండా ఒకటే. ఎడమచేయి కింద తెంపుతెంపుగా అడుగులేస్తుంటుంది. గణితం తెలిసినవారు దాన్ని కానన్ అంటూ విప్పి చూపగలరు. ఆ లెక్క తెలియని శ్రోతకు అది రెండు గొంతుల విషాదగీతంలాగే వినిపిస్తుంది. బాఖ్ గొప్పదనం లెక్కను దాచడంలోనే ఉంది.

అసలు తిరుగుబాటు ఐదో సొనాటాలో (ఎఫ్ మైనర్). మూడో భాగంలో వయొలిన్ మొదటి నుంచి చివరిదాకా రెండేసి తీగలను కలిపి నిదానంగా స్వరాల జంటలు పలికిస్తూ ఉంటుంది. దానికి పాట లేదు. కదలిక అంతా హార్ప్సికార్డ్‌దే: రెండు చేతుల మీదుగా పైకీ కిందకీ అలల్లా సాగే స్వరాలు. కొరెల్లి నాటి పటం పూర్తిగా తల్లకిందులైంది. ఇక్కడ వంత పాడుతున్నది వయొలిన్.

ఈ సొనాటాల్లోని దుఃఖానికి ఓ కథ అతుక్కుంది. 1720 వేసవిలో లియోపోల్డ్ కార్ల్స్‌బాడ్ వేడినీటి ఊటలకు వెళుతూ బాఖ్‌ను వెంట తీసుకెళ్లాడు. తిరిగొచ్చేసరికి భార్య మరియా బార్బరా చనిపోయింది. అంత్యక్రియలూ జూలై 7న ముగిసిపోయాయి. వెళ్లేటప్పుడు ఆరోగ్యంగా ఉన్న మనిషి వచ్చేటప్పటికి సమాధిలో ఉంది. ఇంట్లో తల్లిలేని నలుగురు పిల్లలు. ఐదో సొనాటాలోని తొలి భాగమైనా, నాలుగో సొనాటా (సి మైనర్) ఆరంభంలోని సిసిలియానో అయినా ఆ ఇంటి శోకం నుంచే పుట్టాయని రికార్డుల అట్టల మీద తరచూ రాస్తారు. కథ బాగుంది. ఆధారమే లేదు. తేదీ వేసిన బాఖ్ స్వదస్తూరి ప్రతి దొరకనప్పుడు ఏ సొనాటా 1720కి ముందుదో, ఏది తర్వాతదో తేల్చడం కుదరదు. పైగా ఆ కాలపు స్వరకర్తలు విషాదాన్ని ఓ అలంకారశాస్త్రంలా నేర్చుకునేవారు. కరుణ రసం పండించడానికి కవి ఇంట్లో చావు జరగనక్కర్లేదని మన ఆలంకారికులకు ముందే తెలుసు. ఆ సిసిలియానో పోలికలు 1727 నాటి సెయింట్ మాథ్యూ పాషన్‌లో వయొలిన్‌తో కలిసి సాగే ప్రసిద్ధ క్షమాభిక్ష గీతంలో వినిపిస్తాయన్నది మాత్రం చెవి ఉన్నవారెవరూ కాదనలేరు.

నిజానికి ఈ రచనల్లో బాఖ్ మనసు తెలిసేది దుఃఖంలో కన్నా అసంతృప్తిలో. మొదటి ఐదు సొనాటాలదీ ఒకే నడక: విలంబం, ద్రుతం, మళ్లీ విలంబం, మళ్లీ ద్రుతం. ఆరోది (జి మేజర్) మాట వినలేదు. దాన్ని ఆయన కనీసం మూడు రూపాల్లో రాశారు. మొదటి రూపంలో మధ్యలో హార్ప్సికార్డ్ ఒక్కటే వాయించే భాగం ఒకటి, వయొలిన్ మంద్రస్వరం తోడుతో వాయించే భాగం మరొకటి పెట్టారు. ఒక్కొక్కరికీ ఒక్కో సోలో, లెక్క సరి. తర్వాత ఆ రెంటినీ పీకేశారు. వృథా పోనివ్వలేదు లెండి. అవి మెరుగులు దిద్దుకుని ఇ మైనర్ కీబోర్డు పార్టిటాలో తేలాయి. రెండో రూపంలో వాటి చోటున వయొలిన్, హార్ప్సికార్డ్ కలిసి పాడే నిదానమైన, తీయని కొత్త భాగం వచ్చింది. అదీ ఆయనకు నచ్చలేదు. మూడో రూపంలో దాన్నీ తీసేసి, సరిగ్గా నడుమ హార్ప్సికార్డ్ సోలోను కొత్తగా రాశారు. ఆ భాగం సాగినంతసేపు వయొలిన్ విద్వాంసుడు కమాను దించి నిలబడాలి. వయొలిన్ సొనాటా వినడానికి వచ్చిన సభ ముందు అది చాలా పొడవైన నిరీక్షణ. ఏళ్ల తరబడి సవరించిన తర్వాత కూడా బాఖ్ వదలనిది ఆ ఒక్క ఆలోచననే: ఈ జోడీలో రెండో మనిషికి ఒంటరిగా మాట్లాడే హక్కుండాలి.

ఆ మూడో రూపం మనకు దక్కింది బాఖ్ శిష్యుడు, అల్లుడు అయిన ఆల్ట్‌నికోల్ రాసుకున్న ప్రతి వల్ల. మొత్తంగా ఈ ఆరు సొనాటాలు బతికింది ఇలాంటి చేతిరాత ప్రతుల మీదే. 1750లో బాఖ్ మరణించేనాటికి ఒక్కటీ అచ్చు కాలేదు. జ్యూరిక్‌లో నేగెలి అనే ప్రచురణకర్త వాటిని ముద్రించేసరికి 19వ శతాబ్దం వచ్చేసింది. నడుమ కాలంలో కార్ల్ ఫిలిప్ ఇమాన్యుయెల్ వాటిని మరచిపోలేదు. తండ్రి జీవితచరిత్రకు సమాచారం సేకరిస్తున్న ఫోర్కెల్‌కు 1774లో రాసిన ఉత్తరంలో, ఇవి తండ్రి రచనల్లో ఉత్తమమైన వాటి కోవలోవని, యాభై ఏళ్లు దాటినా వినసొంపుగా ఉన్నాయని, ఇంత చక్కగా పాడే నిదాన భాగాలను ఇప్పుడు కూడా ఎవరూ రాయలేరని చెప్పాడు. యాభై ఏళ్లన్న ఆ మాటే కోతెన్ వాదానికి ఓ ఆసరా. ఈ కొడుకుతో ఇంకో చిక్కూ ఉంది. జి మైనర్‌లో ఓ సొనాటా (సూచికలో 1020) చాలాకాలం తండ్రి పేరు మీద చలామణీ అయింది. శైలి చూస్తే అది కొడుకుదై ఉండొచ్చని ఇప్పుడు చాలామంది అంటున్నారు. అందమైన రచనే. ఇంటిపేరు ఒకటే కావడంతో పంపకం తేలడం లేదు.

బాఖ్ సమానం చేసిన వాయిద్యాన్ని తర్వాతి తరాలు మూలన పడేశాయి. 18వ శతాబ్దం ముగిసేసరికి పియానో రాజ్యమేలింది. హార్ప్సికార్డ్‌లు అటకెక్కాయి, మ్యూజియాల్లో చేరాయి. ఈ సొనాటాలను వాయించినా పియానో మీదే. దాన్ని తిరిగి కచేరీ వేదిక మీదికి ఎక్కించిన వారిలో ముందు చెప్పుకోవాల్సిన పేరు వాండా లాండోవ్‌స్కాది. 1879లో వార్సాలో యూదు కుటుంబంలో పుట్టిన ఆమె కోసం పారిస్‌లోని ప్లేయెల్ సంస్థ ఇనుప చట్రంతో భారీ హార్ప్సికార్డ్ తయారు చేసింది. పారిస్ దగ్గర సెయింట్ లూలో ఆమె పాత సంగీతం నేర్పే పాఠశాల నడిపారు, అరుదైన వాయిద్యాలు, వ్రాతప్రతులు సేకరించారు. 1940లో జర్మన్ సేనలు ముంచుకొచ్చాయి. ఆమె చేతికందినవి పట్టుకుని దక్షిణ ఫ్రాన్స్‌కు పారిపోయారు. నాజీల సంగీత విభాగం ఆ ఇంటిని దోచి సేకరణనంతా పెట్టెలకెత్తి తరలించింది. జర్మన్ సంస్కృతిని కాపాడతామన్నవారు బాఖ్‌ను అందరికన్నా శ్రద్ధగా చదివిన మనిషి ఇల్లు కొల్లగొట్టారు. 1941 డిసెంబర్ 7న, పెరల్ హార్బర్ మీద బాంబులు పడ్డ రోజునే, ఆమె ఓడ న్యూయార్క్ చేరింది. వయసు 62.

మూడేళ్ల తర్వాత, 1944 డిసెంబర్‌లో, న్యూయార్క్‌లోనే ఆమె ఎహూదీ మెనుహిన్‌తో కలిసి మూడో సొనాటాను (ఇ మేజర్) రికార్డు చేశారు. మెనుహిన్‌కు అప్పుడు 28 ఏళ్లు. యుద్ధకాలంలో మిత్రపక్షాల సైనికుల కోసం వందల కచేరీలు చేస్తూ తిరుగుతున్నారు. ఒకరు సర్వం పోగొట్టుకున్న యూదు మహిళ, మరొకరు రష్యా నుంచి వలసపోయిన యూదుల బిడ్డ. జర్మనీ మీద యుద్ధం ఇంకా ముగియలేదు. వారు వాయించింది జర్మనీ అత్యున్నత సంగీతాన్ని. ఇప్పటి చెవికి ఆ రికార్డు కాస్త బరువుగా వినిపిస్తుంది. ప్లేయెల్ యంత్రం లోహంలా మోగుతుంది, మెనుహిన్ కమాను బాఖ్ కాలం కన్నా బ్రామ్స్ కాలానికి దగ్గర. అయినా మూడో భాగంలో ఒకే మంద్ర వరస మళ్లీ మళ్లీ వస్తుండగా దాని మీద ఇద్దరూ మాట ఇచ్చిపుచ్చుకునే తీరు ముందు ఈ అభ్యంతరాలు చిన్నవి. 1945 జూలైలో మెనుహిన్ బెల్సెన్ నిర్బంధ శిబిరానికి వెళ్లి, బతికి బయటపడ్డవారి ముందు వాయించారు.

మెనుహిన్ పేరు తెలుగువారికీ దూరం కాదు. 1952లో నెహ్రూ ఆహ్వానం మీద భారత్ వచ్చిన ఆయన క్షామ నివారణ నిధి కోసం కచేరీలు చేశారు. ఆ ప్రయాణంలోనే మద్రాసులో ద్వారం వెంకటస్వామి నాయుడు వాయిద్యం విని ముగ్ధులయ్యారు. ఈ కలయికలోని సొగసు ఇద్దరు పెద్దలు ఒకరినొకరు మెచ్చుకోవడంలో లేదు. 19వ శతాబ్దం ఆరంభంలో బాలుస్వామి దీక్షితులు వంటివారు యూరోపియన్ల నుంచి నేర్చి కర్ణాటక సంగీతంలోకి తెచ్చిన వయొలిన్ ఇక్కడ వందేళ్లకు పైగా ప్రధానంగా గాయకుడి పక్కనే కూర్చుంది. విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యుడిగా, తర్వాత ప్రిన్సిపాల్‌గా పనిచేసిన ద్వారం దాన్ని మధ్యకు జరిపినవారిలో అగ్రగణ్యుడు. గాయకుడు లేకుండా వయొలిన్ ఒక్కటే కచేరీని మోయగలదని ఆయన నిలబెట్టారు. హార్ప్సికార్డ్ విషయంలో బాఖ్ కాగితం మీద చేసిన పని లాంటిదే ఇది. తేడా ఒక్కటే. బాఖ్ పక్కవాద్యాన్ని పైకి తెచ్చినా రెండో మనిషిని పంపేయలేదు.

బాఖ్ వంతెన దక్షిణాది జనం దగ్గరికి ఇంకో దారిలోనూ వచ్చింది. ఇళయరాజా 1986లో తెచ్చిన ‘హౌ టు నేమ్ ఇట్?’ ఆల్బమ్‌ను త్యాగరాజుకు, బాఖ్‌కు అంకితమిచ్చారు. బాఖ్ పేరు తెలియకుండా బాఖ్ ధోరణి తెలిసిన శ్రోతలు చెన్నై నుంచి విశాఖ దాకా ఉన్నారంటే అందులో ఆ ఆల్బమ్ వాటా తక్కువేం కాదు.

వాయించేవారి మధ్య పేచీ ఇప్పటికీ సమానత్వం దగ్గరే. నేటి వయొలిన్‌కు ఉక్కు తీగలు, బిగువైన నిర్మాణం, పెద్ద హాలును నింపే గొంతు. దాని పక్కన హార్ప్సికార్డ్ కుడిచేయి చిన్నబోతుంది. రెండు గొంతుల సంభాషణ కాస్తా వయొలిన్ ఉపన్యాసంలా తయారవుతుంది. పియానో పెడితే బలం సరిపోతుంది కానీ మంద్రస్థాయి మొత్తాన్నీ కమ్మేస్తుంది. గ్లెన్ గూల్డ్ 1970ల మధ్యలో హైమె లరేదోతో కలిసి పియానో మీదే రికార్డు చేస్తూ ఒక్కో స్వరాన్ని పొడిపొడిగా విడగొట్టి ఆ సమస్యను తనదైన పద్ధతిలో దాటారు. కొందరికి అది వెలుగు, కొందరికి విసుగు. 1973లో సిగిస్వాల్డ్ కౌకెన్, గుస్తావ్ లియోన్‌హార్ట్ పేగు తీగల వయొలిన్, పాత పద్ధతి హార్ప్సికార్డ్‌తో వాయించినప్పుడు అసలు పేచీ స్వరకర్తది కాదని, మారిన వాయిద్యాలదని తేలింది. పేగు తీగ మీద తేలికైన కమాను నడిస్తే వయొలిన్ దానంతటదే గొంతు తగ్గిస్తుంది. రేచెల్ పోజర్, ట్రెవర్ పినాక్ జోడీ, 2018లో ఆల్బమ్ తెచ్చిన ఇసబెల్ ఫౌస్ట్, క్రిస్టియన్ బెజుడెన్‌హౌట్ జోడీ నడిచింది ఈ దారిలోనే. కొత్తగా వినేవారు ఈ రెంటిలో ఏదో ఒకదానితో మొదలుపెట్టి, మెనుహిన్-లాండోవ్‌స్కాల దగ్గరికి తర్వాత వెళ్లడం మేలు. మెనుహిన్ స్వయంగా 1960ల్లో జార్జ్ మాల్కమ్ హార్ప్సికార్డ్‌తో, శీర్షిక అనుమతించిన గాంబాను కూడా కలుపుకుని, వీటి దగ్గరికి తిరిగొచ్చారు.

ఆరో సొనాటా దగ్గర మాత్రం ఏ జోడీ అయినా ఆగి తేల్చుకోవాల్సిందే. చాలామంది ఆల్ట్‌నికోల్ ప్రతిలోని చివరి రూపాన్నే వాయిస్తారు. బాఖ్ తీసేసిన ఆ తీయని నిదాన భాగాన్ని వదలబుద్ధి కాని కొందరు దాన్ని ఆల్బమ్ చివర్లో విడిగా చేరుస్తున్నారు. స్వరకర్త వద్దనుకున్న ఆ ఆరేడు నిమిషాల్లో వయొలిన్, హార్ప్సికార్డ్ ఒక్క క్షణం కూడా ఒకదాన్నొకటి విడిచిపెట్టవు.